పాట వేలు పట్టుకుని నడిచిన బొమ్మలు

మంగలి షాపులో కుర్చీ ఎక్కితే ముందు ఒక అద్దం, వెనక గోడకి ఇంకో అద్దం. ఆ రెండిటి మధ్యా మన తల ఒకదాని వెనక ఒకటిగా, చిన్నదవుతూ, కాస్త పచ్చబారుతూ ఎక్కడో సొరంగం చివరిదాకా పోతుంది. చిన్నప్పుడు ఎన్ని తలలు ఉన్నాయో లెక్కపెడదామని మెడ కదిపితే నెత్తిన మొట్టికాయ పడేది. టీవీతో కూడా ఈ ఆట ఆడొచ్చు. కెమెరాని టీవీకి కలిపి, అదే కెమెరాని ఆ టీవీ వైపు తిప్పితే చాలు, టీవీలో టీవీ, దాంట్లో ఇంకో టీవీ కనిపిస్తాయి. ఆన్‌లైన్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేయబోయి ఆ మీటింగ్ కిటికీనే షేర్ చేసినప్పుడు వచ్చే వరస కూడా ఇదే. స్టూడియో వాళ్లు దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇది రాకుండా చూసుకోవడం వాళ్ల డ్యూటీ.

1975 నవంబరు 10న లండన్ శివార్లలోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఒక డైరెక్టరు ఆ పని కావాలనే చేశాడు. పేరు బ్రూస్ గోవర్స్. పాట క్వీన్ బ్యాండ్ వాళ్ల 'బొహీమియన్ రాప్సొడీ'. పాట నిడివి దాదాపు ఆరు నిమిషాలు. మధ్యలో ఒక భాగం అచ్చం ఒపెరాలా సాగుతుంది. అక్కడ వినిపించే గుంపంతా బ్యాండులోని ముగ్గురి గొంతులే. ఒకదాని మీద ఒకటి పదే పదే రికార్డు చేసి పేర్చారు. బీబీసీలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' అనే షోకి వెళ్లి ఈ భాగానికి నలుగురు నిలబడి పెదాలు కదిపితే నవ్వులపాలవుతారు. పైగా బ్యాండ్ టూరు మీద ఉంది. అందుకని షోకి మనుషుల బదులు టేపు పంపుదాం అనుకున్నారు. సుమారు నాలుగు గంటల్లో షూటింగ్ ముగించారు. ఫిల్ము మీద కాదు, వీడియో టేపు మీద. పాటలో 'మాగ్నిఫికో' అన్న మాట దగ్గర ముఖం ఒకదాని వెనక ఒకటిగా దూరమైపోతూ కనిపిస్తుంది చూడండి, అదే మన మంగలి షాపు అద్దం. కెమెరాని మానిటరు వైపు తిప్పి తీసిందే. ముఖాలు తేనెపట్టులా అనేకమయ్యే చోట లెన్సుకి పలకలున్న గాజు తగిలించారు. కంప్యూటర్ ఊసే లేదు.

ఈ వీడియోనే ప్రపంచంలో మొదటి మ్యూజిక్ వీడియో అని ఎక్కడ పడితే అక్కడ రాస్తుంటారు. కాదు. అయితే ఏది మొదటిది అని అడిగితే ఆ తగువు తేలేది కాదు. 1930ల నాటి బొమ్మల ఫిల్ముల నుంచి మొదలుపెట్టి పది పేర్లయినా చెప్పొచ్చు. నన్ను అడిగితే అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటుంది. తొలినాళ్ల మ్యూజిక్ వీడియోలు అంత వింతగా ఎందుకున్నాయి? థియేటర్లో పది నిమిషాలు కూడా జనం భరించలేని ప్రయోగాలు, పాట పెట్టేసరికి పద్నాలుగేళ్ల పిల్లలు కూడా మళ్లీ మళ్లీ చూసేవిగా ఎలా మారాయి?

దీనికి జవాబు మిగతా ప్రపంచానికంటే మనకే తొందరగా తడుతుంది. మన సినిమాల్లో పల్లవి వైజాగ్ బీచ్‌లో మొదలవుతుంది, మొదటి చరణానికి మంచు కొండలు, రెండో చరణానికి రాజుల కోట. ఈలోగా హీరోయిన్ ఆరు చీరలు మారుస్తుంది. టికెట్ ఎంతయింది, వీసా ఎప్పుడొచ్చింది అని ఒక్కరూ అడగరు. అదే మాటల సీన్లో హీరో చొక్కా రంగు మారితే మాత్రం 'కంటిన్యుటీ పోయింది' అని హాల్లోనే అరుస్తారు. పాట నడుస్తున్నంతసేపూ బొమ్మకి వేరే న్యాయం ఉంటుంది. తాళం తప్పకుండా వస్తుందని చెవికి తెలుసు కాబట్టి, తర్వాతి క్షణం ఏమొస్తుందో తెలియకపోయినా కంటికి కంగారుండదు. పాట వేలు పట్టుకుని నడిపిస్తుంటే బొమ్మ ఎటు పోయినా మనం వెంట పోతాం.

మన పాటకి ముందూ వెనకా సినిమా ఉంటుంది. పాట అవగానే కథలోకి దిగిపోవాలి. వాళ్ల పాటకి ఆ సినిమా లేదు. పాట అక్కడ మొదలై అక్కడే అయిపోతుంది. హీరో ఎవరో చెప్పక్కర్లేదు, విలన్‌కి బదులు తీర్చక్కర్లేదు. ఆ మూడు నాలుగు నిమిషాలు ఏదో ఒకటి చూపించాలి, అంతే. మరి ఏం చూపించాలి? తొలి ఇరవై ఏళ్లలో ఎవరికి వాళ్లు ఈ ప్రశ్నకి ఒక జవాబు చెప్పారు. వాళ్లలో చాలామంది దగ్గర డబ్బు లేదు, లేదా గాయకుడు లేడు, లేదా రెండూ లేవు.

నిజానికి ఈ జవాబుల్లో చాలావాటిని అప్పటికే కొందరు ప్రయత్నించి చూశారు. జర్మనీలో ఆస్కర్ ఫిషింగర్ అనే ఆయన 1930 ప్రాంతంలో బొగ్గుతో కాగితం మీద గీతలూ చుక్కలూ వేలకొద్దీ గీసి, ఒక్కోదాన్నీ ఫొటో తీసి, గ్రామఫోన్ రికార్డు తాళానికి అవి చిందులేసేలా ఫిల్ములు చేశాడు. మనిషి లేడు, కథ లేదు, గీతలే నాట్యం చేస్తాయి. కొన్నిటి చివర ఆ రికార్డు పేరు కూడా వేసేవాళ్లు, కొనుక్కోమని. అంటే కళా, అమ్మకమూ ఆనాడే ఒక కంచంలో తిన్నాయన్నమాట. తర్వాత ఆయన అమెరికా వెళ్లి డిస్నీ వారి 'ఫాంటేజియా'కి పనిచేశాడు. తన గీతల్ని వాళ్లు అందరికీ అర్థమయ్యేలా మార్చేస్తుంటే ఇమడలేక మధ్యలోనే బయటికొచ్చేశాడు.

న్యూజిలాండ్ నుంచి లండన్ వచ్చిన లెన్ లై ఇంకో అడుగు ముందుకేశాడు. చేతిలో కెమెరా లేదు. అయితే కెమెరా ఎందుకు అనుకున్నాడు. ఖాళీ ఫిల్ము రీలు మీదే బ్రష్షుతో రంగులు పూశాడు, గీతలు గీశాడు. 1935లో వచ్చిన ఆ ఫిల్ము పేరు 'ఎ కలర్ బాక్స్'. వెనక క్యూబా బ్యాండు పాట. డబ్బు పెట్టింది ఎవరనుకున్నారు? బ్రిటిష్ తపాలా శాఖ. రంగులు అలా గంతులేస్తూ గంతులేస్తూ చివరికి వచ్చేసరికి పార్సిల్ రేట్లు తగ్గాయన్న సంగతి అక్షరాలుగా తేలుతుంది. పార్సిల్ రేట్లు చెప్పడానికి నైరూప్య చిత్రకళ! ఇలాంటి ఫైలు మీద సంతకం పెట్టిన ఆఫీసరు ఎవరో గానీ ఆయనకి దండం పెట్టాలి. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్, ఎవలిన్ లాంబర్ట్ కలిసి 1949లో ఆస్కర్ పీటర్సన్ జాజ్ పియానోకి ఇదే పని చేశారు. పియానో వేగంగా పరిగెడితే ఫిల్ము మీద గోకిన గీతలు వణుకుతాయి, నెమ్మదిస్తే నల్లటి తెర మీద సన్నటి నిలువు గీతలు ఊగుతాయి.

ఇదే కాలంలో నాణెం వేస్తే పాట కనిపించే మెషీన్లు కూడా ఉండేవి. 1940ల్లో అమెరికా బార్లలో పది సెంట్లు వేస్తే పాట ఆడే పనోరామ్, 1960 నుంచి ఫ్రాన్స్‌లో స్కోపిటోన్. చరిత్ర రాసేవాళ్లు వీటికి పెద్ద పీట వేస్తారు గానీ, నా దృష్టిలో ప్రయోగం పరంగా వీటిలో సరుకు తక్కువ. గాయకుడు నవ్వుతూ పాడతాడు, వెనక అమ్మాయిలు నడుం తిప్పుతారు, అంతే.

అసలు మలుపు 1960ల మధ్యలో, గాయకులకి పాడుతున్నట్టు నటించడం మీద విసుగు పుట్టినప్పుడు వచ్చింది. 1965లో బాబ్ డిలన్ లండన్ టూరులో ఉండగా, సవాయ్ హోటల్ వెనక సందులో డి.ఎ. పెన్నెబేకర్ ఒకే ఒక షాటు తీశాడు. డిలన్ చేతిలో అట్టల కట్ట. వాటి మీద పాటలోని ఒక్కో మాటా మార్కరుతో రాసి ఉంది. పాట వెనక వినిపిస్తుంటే, ఆయన నోరు మెదపకుండా, ఒక్కో అట్టా చూపించి కింద పడేస్తుంటాడు. కొన్నిసార్లు పాట ముందుకి పోతుంది, అట్ట వెనకబడుతుంది. పాటలో పదకొండు డాలర్లు అని వినిపిస్తుంటే అట్ట మీద ఇరవై అని ఉంటుంది. స్పెల్లింగులు కావాలని తప్పు రాశారు. పక్కన కవి అలెన్ గిన్స్‌బర్గ్ ఎవరితోనో కబుర్లు చెబుతూ నిలబడి ఉంటాడు, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు. అట్టలు రాయడానికి సాయం పట్టింది కూడా ఆయనే, ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి.

బీటిల్స్ సంగతి వేరు. 1966 ఆగస్టు తర్వాత వాళ్లు టూర్లు మానేశారు. టీవీ స్టూడియోల చుట్టూ తిరిగే ఓపిక కూడా లేదు. 1967 మొదట్లో 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాటకి స్వీడన్ డైరెక్టరు పీటర్ గోల్డ్‌మన్ వాళ్లని కెంట్‌లోని నోల్ పార్కుకి తీసుకెళ్లాడు. అక్కడ ఎండిన చెట్టు కింద ఒక పాత పియానో పెట్టి, దాని తీగలు చెట్టు కొమ్మలదాకా లాగారు. పాల్ మెక్‌కార్ట్‌నీ చెట్టు మీంచి కిందికి దూకితే, ఆ ముక్కని తిరగేసి వేశారు. దాంతో మనిషి నేల మీంచి ఎగిరి కొమ్మ మీద వాలినట్టు కనిపిస్తాడు. పాటలో కూడా వెనక్కి తిప్పి వేసిన శబ్దాలున్నాయి. అంటే టేపుకి చేసిందే ఫిల్ముకీ చేశారు. ఎవరూ పాడరు, ఎవరూ వాయించరు. పియానో మీద రంగులు పోస్తారు. పాట అర్థం చెప్పడం అన్న పూచీ బొమ్మ మీంచి దిగిపోయింది.

అప్పటినుంచి 1980 దాకా ఈ దారిలో నడిచినవాళ్లు ఎక్కువగా జేబులో డబ్బులేని ఆర్టిస్టులే. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్ కానర్ ఎవరో పారేసిన పాత ఫిల్ములు, బళ్లలో చూపించే సైన్సు పాఠాలు, అడ్వర్టైజ్‌మెంట్లు ఏరుకొచ్చి, ముక్కలు కోసి అతికించేవాడు. 1978లో డీవో అనే బ్యాండు పాట ఒకదానికి ఆయన చేసిందీ అదే. కొత్తగా షూట్ చేసింది ఏమీ లేదు. ఇప్పుడు మీమ్ పేజీలు నడిపే కుర్రాళ్లు చేసే పని ఇదే, కాకపోతే కానర్ చేతిలో కత్తెరా, జిగురూ ఉండేవి. డీవో వాళ్లు కూడా ఒహాయోలోని ఆక్రన్ అనే టైర్ల ఊరి నుంచి వచ్చిన మనుషులు. రికార్డు కంపెనీ తమని పట్టించుకోకముందే, 1976లోనే చక్ స్టాట్లర్ అనే మిత్రుడితో పది నిమిషాల ఫిల్ము తీసుకున్నారు.

ఇక 1981 ఆగస్టు 1 అర్ధరాత్రి దాటిన నిమిషానికి అమెరికాలో ఎంటీవీ మొదలైంది. మొదట వేసింది బగుల్స్ పాట. వీడియో వచ్చి రేడియో గాయకుడిని చంపేసిందని దాని అర్థం. ఛానెలు ఆ రోజుల్లో ఎక్కువమందికి రాలేదు కూడా, న్యూజెర్సీలో కొంత మేరకే వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ వీడియోలు వేయాలి, కానీ అమెరికన్ కంపెనీల దగ్గర వీడియోలు పెద్దగా లేవు. ఇంగ్లండ్‌లో మాత్రం ఉన్నాయి, ఎందుకంటే అక్కడి టీవీ షోలకి టేపులు పంపే అలవాటు అప్పటికే పడింది. అలా రేడియోలో ఎవరూ వేయని బ్రిటిష్ బ్యాండ్లు, వాళ్ల వింత వీడియోలతో సహా, అమెరికన్ పల్లెటూరి పిల్లల డ్రాయింగు రూముల్లోకి వచ్చిపడ్డాయి. అంటే ఛానెలువాళ్లకి ప్రయోగం మీద ప్రత్యేకంగా ప్రేమ ఉండి కాదు. షాపు తెరిచారు, అరలు ఖాళీగా ఉన్నాయి, దొరికిన సరుకు సర్దారు.

ఆ సరుకులో ఒకటి డేవిడ్ బౌవీ 1980లో డేవిడ్ మాలెట్‌తో చేసిన 'ఆషెస్ టు ఆషెస్'. సముద్రపు ఒడ్డున జోకరు వేషంలో బౌవీ, వెనక నెమ్మదిగా వస్తున్న బుల్డోజరు. ఆకాశం నల్లగా, నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. దీన్ని సోలరైజేషన్ అంటారు. టీవీ సిగ్నల్లో వెలుతురుకి ఉండే మెట్లని కొంత మేర తలకిందులు చేస్తే తెల్లనిది నల్లబడుతుంది, రంగులు ఒకదాని చోటికి ఒకటి పోతాయి. పాత టీవీలో ట్యూనింగ్ చెడితే దాదాపు ఇలాగే వచ్చేది, అప్పుడు మనం టీవీ నెత్తిన ఒకటి కొట్టేవాళ్లం. ఆ కాలానికి ఇది అత్యంత ఖరీదైన వీడియోల్లో ఒకటని చెబుతారు. దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది టాకింగ్ హెడ్స్ వాళ్ల 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్'. చేసింది డాన్సర్ టోనీ బాసిల్, గాయకుడు డేవిడ్ బర్న్ కలిసి. చవకలో అయిపోయింది. కళ్లద్దాలు, సూటు, బో టై పెట్టుకుని, చెమటలు కక్కుతూ, బర్న్ పూనకం వచ్చినవాడిలా కుదుపులు కుదుపులుగా ఆడతాడు. చర్చిల్లో ఊగిపోయే ప్రసంగీకుల ఫిల్ములు చూసి ఆ కదలికలు పట్టాడు. మన జాతరల్లో పూనకం చూసినవాళ్లకి ఆ మెడ విసురు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. వెనక అదే బర్న్ చిన్న చిన్న బొమ్మలుగా, నలుగురై, అదే కదలిక కాస్త ఆలస్యంగా చేస్తుంటాడు.

ఇక్కడ ఒక విచిత్రం. 1984లో ఎంటీవీ తన మొదటి అవార్డుల పండగ పెట్టినప్పుడు 'మోస్ట్ ఎక్స్‌పరిమెంటల్ వీడియో' అని ఒక బహుమతి పెట్టింది. అది నాలుగంటే నాలుగేళ్లే బతికింది. 1987 తర్వాత తీసేశారు. ఆ నాలుగు విజేతల్ని వరసగా పెట్టి చూస్తే, ప్రయోగం అన్న మాటకి ఆ కాలంలో ఏ అర్థం ఉండేదో పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది.

మొదటిది హెర్బీ హాన్‌కాక్ 'రాకిట్'. డైరెక్టర్లు కెవిన్ గోడ్లీ, లోల్ క్రీమ్. ఒక ఇంట్లో జిమ్ వైటింగ్ అనే శిల్పి చేసిన రోబోలు కాళ్లు విసురుతూ, మంచంలో దొర్లుతూ, బ్రేక్‌ఫాస్టు దగ్గర తల కొట్టుకుంటూ ఉంటాయి. పాటలో డీజే రికార్డుని ముందుకీ వెనక్కీ గీరే చప్పుడు వస్తుంది కదా, సరిగ్గా అక్కడ బొమ్మని కూడా ముందుకీ వెనక్కీ గీరారు. రోబో చెయ్యి పైకి లేచి, వెనక్కి పోయి, మళ్లీ లేచి, ఇరుక్కుపోయిన క్యాసెట్‌లా కొట్టుకుంటుంది. చెవికి చేసిందే కంటికీ చేయడం అంటే ఇదే. ఇంకో సంగతి, హాన్‌కాక్ ఆ ఇంట్లో ఎక్కడా ఉండడు. మూలనున్న టీవీ తెర మీద, చిన్నగా, కీబోర్డు వాయిస్తూ కనిపిస్తాడు. చివర్లో ఆ టీవీ ఇంటి బయట పగిలి పడి ఉంటుంది. నల్లజాతి గాయకుల వీడియోలు ఎంటీవీ వేయడం లేదన్న గొడవ అప్పట్లో గట్టిగా నడుస్తోంది. అందుకని ముఖాన్ని తగ్గించి రోబోల్ని ముందుపెట్టారు. వీడియో ఎడాపెడా ఆడింది, ఆ రాత్రి ఐదు అవార్డులు తెచ్చుకుంది. దీన్ని కేవలం శైలి అని మెచ్చుకుంటే సగమే చెప్పినట్టు. మనిషిని దాచాల్సి రావడం వల్ల పుట్టిన శైలి అది.

రెండోది, 1985లో, ఆర్ట్ ఆఫ్ నాయిస్ వాళ్ల 'క్లోజ్ (టు ది ఎడిట్)'. పంకు వేషంలో ఒక చిన్నపిల్ల, ఆ పిల్ల వెంట సూట్లు వేసుకున్న ముగ్గురు పెద్దమనుషులు, చేతుల్లో రంపాలు. పియానోని కోస్తారు, సంగీత వాయిద్యాలన్నీ తుక్కు చేస్తారు. పాట కూడా అలా కోసి అతికించిందే. కారు స్టార్టయ్యే చప్పుడునే తాళంగా వాడుకున్నారు. తీసింది జ్బిగ్నియెవ్ రిబ్‌చిన్‌స్కీ అనే పోలండ్ ఆయన. ఈయన అంతకుముందు 'టాంగో' అని ఒక షార్ట్ ఫిల్ము చేశాడు. ఒకే గది. ఒక పిల్లాడు కిటికీలోంచి దూకి బంతి తీసుకుపోతాడు, మళ్లీ అదే చేస్తాడు. ఇంకొకరు వస్తారు, వాళ్ల పని వాళ్లు పదే పదే చేస్తారు. అలా ముప్ఫై ఆరుగురు ఆ గదిలో ఒకరికొకరు తగలకుండా తిరుగుతుంటారు. ఒక్కొక్కరినీ విడిగా తీసి, చుట్టూ ఉన్నదంతా చేత్తో నల్లరంగు పూసి కప్పేసి, ఒకే ఫిల్ము మీద పేర్చడానికి నెలలు పట్టింది. దానికి 1983లో ఆస్కారు వచ్చింది. బహుమతి అందుకుని సిగరెట్ కాల్చుకుందామని బయటికెళ్తే కాపలావాడు మళ్లీ లోపలికి రానివ్వలేదు, తగువై ఆ రాత్రి లాకప్పులో గడిపాడు. అలాంటి మనిషి తీసిన బొమ్మలు, పాట తోడయ్యేసరికి, బళ్లనుంచి ఇంటికొచ్చిన పిల్లలు బిస్కెట్లు తింటూ చూశారు.

మూడోది మీరు తప్పకుండా చూసే ఉంటారు. నార్వే బ్యాండు ఆ-హా వాళ్ల 'టేక్ ఆన్ మి'. ఈ పాటకి ముందు మామూలు వీడియో ఒకటి తీశారు, బ్యాండు నిలబడి పాడుతుంది. పాట పడుకుంది. 1985లో స్టీవ్ బారన్ మళ్లీ తీశాడు. హోటల్లో కూర్చుని కామిక్ పుస్తకం చదువుతున్న అమ్మాయికి, ఆ పుస్తకంలోంచి పెన్సిల్ గీతల చెయ్యి ఒకటి బయటికొచ్చి రమ్మంటుంది. ఇందులో వాడింది రోటోస్కోపింగ్. మాక్స్ ఫ్లైషర్ 1910ల్లోనే కనిపెట్టిన పద్ధతి. ముందు మామూలుగా మనుషులతో షూట్ చేస్తారు. ఆ ఫిల్ముని ఒక్కో ఫ్రేమే గాజు కింద వేసి, దాని మీద కాగితం పెట్టి గీస్తారు. మైకేల్ పాటర్సన్, కాండేస్ రెకింగర్ అనే ఇద్దరు పదహారు వారాలు కూర్చుని సుమారు 3,000 ఫ్రేములు గీశారు.

ఆ వీడియోలో గీతలు ఎప్పుడూ సలసల కాగుతున్నట్టు ఉంటాయి, గమనించారా? అబ్బాయి కదలకుండా నిలబడ్డా అతని చెంప మీది నీడ మాత్రం కదులుతూనే ఉంటుంది. కారణం చాలా చిన్నది. ఒకే ముఖాన్ని రెండుసార్లు గీస్తే రెండు గీతలూ అచ్చంగా ఒకే చోట పడవు. మన సంతకం రెండుసార్లు పెట్టినా బ్యాంకువాళ్లు అనుమానంగా చూస్తారు కదా, అలాగే. సెకనుకి బోలెడు బొమ్మలు మారిపోతుంటే ఆ తేడాలన్నీ కలిసి వణుకవుతాయి. డిస్నీ లాంటి చోట ఆ వణుకు పోగొట్టడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకునేవాళ్లు. ఇక్కడ ఆ వణుకునే ఉంచేశారు, ఇంకా ఎక్కువ చేశారు. కాగితం మీది మనిషికి ప్రాణం ఉందనీ, కానీ అది ఏ క్షణమైనా చెరిగిపోవచ్చనీ చెప్పడానికి అదే పనికొచ్చింది. చివర్లో అబ్బాయి కాగితానికీ నిజానికీ మధ్య గోడలకేసి కొట్టుకుంటుంటే మనకి టెన్షన్ పుట్టేది ఆ గీతల వల్లే. పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది.

నాలుగోది, 1987 విజేత, పీటర్ గాబ్రియెల్ 'స్లెడ్జ్‌హామర్'. ఇందులో మనిషినే బొమ్మ చేశారు. గాబ్రియెల్‌ని గాజు పలక కింద పడుకోబెట్టి, ముఖం కాస్త కదిపి ఒక ఫ్రేము, గాజు మీద పండ్లు ఒక జానెడు జరిపి ఇంకో ఫ్రేము, ఇలా తీశారు. ఆయన అక్కడ పదహారు గంటలు పడుకున్నాడు. ఐదు నిమిషాల సరదా పాటలో ఆయన కళ్లు అంత ఎర్రగా, అలసటగా ఎందుకున్నాయో ఈ సంగతి తెలిశాక అర్థమవుతుంది. డైరెక్టరు స్టీఫెన్ జాన్సన్, బొమ్మలాట పని బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియోదీ, క్వే సోదరులదీ. తల లేని రెండు కోళ్లు డాన్సు చేస్తాయి చూడండి, అవి మార్కెట్లో కొన్న నిజం కోళ్లే. వాటిని కదిపింది నిక్ పార్క్, ఆ తర్వాత 'వాలస్ అండ్ గ్రోమిట్' సృష్టించిన ఆయన. లైట్ల వేడికి ఆ కోళ్లు కంపు కొట్టాయట. కొట్టవా మరి! ఆదివారం మటన్ షాపు దగ్గర క్యూలో నిలబడ్డ ఎవరైనా చెబుతారు. ఈ వీడియోకి ఒక్క రాత్రిలో తొమ్మిది అవార్డులు వచ్చాయి.

ఇక్కడే మెలిక ఉంది. ప్రయోగాత్మకం అన్న బహుమతి గెలిచిన వీడియోనే ఆ ఏడాది 'బెస్ట్ వీడియో' కూడా. అంటే అందరికీ నచ్చినదీ, వింతైనదీ ఒకటే అయిపోయాయి. ఇంక విడిగా ఆ బహుమతి దేనికి? 1988 నుంచి దాని స్థానంలో 'బ్రేక్‌త్రూ వీడియో' అని పెట్టారు. మొదటి విజేత ఆస్ట్రేలియా బ్యాండు ఇన్ఎక్సెస్. ఆ వీడియో రెండో సగంలో బ్యాండు సభ్యులు ఒకరి తర్వాత ఒకరు పాట మాటలు రాసిన అట్టలు చూపించి పారేస్తుంటారు. అవును, డిలన్ ఇరవై మూడేళ్ల క్రితం సందులో చేసిందే. వాళ్లు దాన్ని గౌరవంగానే వాడుకున్నారు, దాచిపెట్టలేదు. మొదటి సగంలో ఫొటోస్టాట్ తీసి కత్తిరించిన బొమ్మలతో మంచి పనే ఉంది కూడా. అయినా బ్రేక్‌త్రూ అన్న బోర్డు కింద 1965 నాటి అట్టలు కనిపిస్తే నవ్వొస్తుంది.

బహుమతి రాకపోయినా నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. గోడ్లీ, క్రీమ్ 1985లో తమ పాట 'క్రై'కే చేసుకున్న వీడియో. నలుపు తెలుపు. ముఖం తర్వాత ముఖం, అందరూ అదే పాట పాడుతుంటారు. ముసలాయన నుదురు మీంచి జారుతూ అమ్మాయి ముఖం వస్తుంది, ఆమె గడ్డం కిందికి కరిగి కుర్రాడవుతుంది. అందరి కళ్లూ ఒకే చోట ఉండేలా కూర్చోబెట్టి, బొమ్మల్ని కలిపే వీడియో మిక్సర్ మీద, ఒక బొమ్మని తుడిచేస్తూ ఇంకోదాన్ని తెచ్చే 'వైప్' ఎఫెక్టుని మెత్తటి అంచులతో వాడి ఒకదాని మీదికి ఒకటి జరిపారు, అంతే. మైకేల్ జాక్సన్ పాటలో ముఖాలు కంప్యూటర్‌తో ఒకదాన్నుంచి ఒకటి మారడం ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసింది 1991లో. ఆరేళ్ల ముందే చేతి పనితో అయిపోయింది. నిజం చెప్పాలంటే చేతి పనే బాగుంది. కంప్యూటర్ మార్పు నున్నగా ఉంటుంది. 'క్రై'లో మాత్రం ఒక క్షణం పాటు ఒకరి కళ్లు, ఇంకొకరి నోరు కలిసి ఎవరూ కాని మనిషి ఒకడు కనిపించి పోతాడు. ఆ మనిషి కోసమే నేను దాన్ని మళ్లీ చూస్తుంటాను.

ఇవన్నీ మనదాకా నేరుగా రాలేదు. స్టార్ టీవీతో పాటు ఎంటీవీ ఇక్కడికి వచ్చేసరికి 1991. అంతకుముందు వీడియో క్యాసెట్ల ద్వారా వచ్చిన ముక్కలే. జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చింది 1983 డిసెంబరులో. 1985లో చిరంజీవి 'దొంగ'లో 'గోలీమార్' పాట వచ్చేసింది, శవాలు లేచి స్టెప్పులేస్తూ. చాలా ఏళ్ల తర్వాత ఇంటర్నెట్టులో విదేశీయులు దాన్ని చూసి పగలబడి నవ్వుకున్నారు గానీ, మనవాళ్లు తీసుకున్నది వేషాన్నీ, డాన్సునీ. కథలోంచి కథ పుట్టే ఆ పద్నాలుగు నిమిషాల అమరిక ఇక్కడ అక్కర్లేదు, ఎందుకంటే చుట్టూ సినిమా ఎలాగూ ఉంది.

నా లెక్కలో ఆ ప్రయోగాలు మన ఇళ్లలోకి నిజంగా అడుగుపెట్టింది సినిమాల ద్వారా కాదు, పెళ్లి వీడియోల ద్వారా. మా చిన్నాన్న పెళ్లి క్యాసెట్లో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి వీడియోగ్రాఫరు తన మిక్సర్ మీద ఏదో బటన్ నొక్కాడు. చిన్నాన్న ముఖం నీలం, పిన్ని ముఖం ఆకుపచ్చ, పట్టుచీర అంచు నల్లబడిపోయింది. బౌవీ సముద్రం తిన్నగా మా మండపంలోకి వచ్చిందన్నమాట. తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగి ఆగి, స్ట్రోబ్ వేసినట్టు కదులుతుంది. అప్పగింతలప్పుడు తెర నాలుగు పలకలై నలుగురు పిన్నులు ఏడుస్తారు. వెనక ఏదో సినిమా పాట. మా నాయనమ్మ ఒక్కతే 'ముహూర్తం టైముకి మొహాలకి రంగులు పులిమాడేంట్రా వీడు' అని విసుక్కుంది. మిగతా అందరం పాటకి తల ఊపుతూ చూశాం.

ఇప్పుడు తెలుగు సినిమా విడుదలకి నెలల ముందే పాట ఒక్కటీ యూట్యూబులో దిగుతుంది, లిరికల్ వీడియో అని. సినిమా ఇంకా రాలేదు, కథ ఎవరికీ తెలియదు, హీరో అప్పుడప్పుడు రెండు స్టెప్పులు వేసి మాయమవుతాడు. మిగతాదంతా మాటలే తెర మీద ఎగురుతుంటాయి, ఇంగ్లిష్ లిపిలో రాసిన తెలుగు మాటలు. డిలన్ సందులో పడేసిన అట్టలు గుర్తొస్తాయి నాకు. కాకపోతే ఆ అట్టల మీది స్పెల్లింగు తప్పులు ఆయన కావాలని రాయించినవి. మన వాటి సంగతి మాత్రం నేను పూచీ పడలేను.